నోటీసు తెలుగును నోటి తెలుగులోకి దించడం ఎలా

పంచాయతీ ఆఫీసు గోడకి అంటించిన నోటీసు ముందు నిలబడ్డ మనిషి ‘సదరు’, ‘యెడల’, ‘పిమ్మట’ లాంటి మాటల్ని ఎలాగో నెట్టుకొస్తాడు. అతనికి తేలనివి నాలుగే. ఇది నాకు వర్తిస్తుందా? నేనేం చెయ్యాలి? ఎప్పటిలోగా? చెయ్యకపోతే ఏమవుతుంది? మాటలన్నీ తేలిక చేసి ఈ నాలుగింటికీ జవాబు చెప్పకపోతే, ఆ కొత్త నోటీసు పాతదానికంటే చేటు. చదివినవాడు అర్థమైందనుకుని ఇంటికెళ్లిపోతాడు.

సచివాలయంలో నోటీసు తయారుచేసే ఉద్యోగికీ, జీవోని వార్తగా రాసే విలేఖరికీ, అరుగు మీద పదిమందికి చదివి చెప్పే కుర్రాడికీ పద్ధతి ఒకటే. ఉద్యోగి అసలు నోటీసునే బాగుచేయగలడు, మిగతా ఇద్దరూ దాని పక్కన వివరణ మాత్రమే పెట్టగలరు. అంతే తేడా.

కాగితం ఏ జాతిదో ముందు చూడండి

చట్టం, దాని కింద నియమాలు, ఆ తర్వాత జీవో, దాన్ని అమలు చేసే తీరు చెప్పే సర్క్యులర్ లేదా మెమో. పై మెట్టు కాగితానికీ కింది మెట్టు కాగితానికీ పొంతన కుదరకపోతే పైదే చెల్లుతుంది. జీవో నంబరు ముందు ఉండే ఎం.ఎస్. అంటే మాన్యుస్క్రిప్ట్, ఆర్.టి. అంటే రొటీన్. మామూలుగా విధానాలూ నియమాలూ మొదటి రకంలో వస్తాయి, ఒక ఉద్యోగి బదిలీ, ఒక బిల్లు మంజూరు లాంటివి రెండో రకంలో వస్తాయి.

జీవోలో పైన సంగ్రహం ఉంటుంది. దాని కింద ‘చదివినవి’ అని పాత ఉత్తర్వుల జాబితా, ఆ తర్వాత ఉత్తర్వు, అడుగున ఎవరెవరికి పంపారో ఆ పేర్లు ఉంటాయి. చాలామంది సంగ్రహం చదివి ఆగిపోతారు. ఉత్తర్వులో మొదటి రెండు మూడు పేరాలు కూడా ఎవరు ఎవరికి ఎప్పుడు లేఖ రాశారన్న చరిత్రే. ‘ప్రభుత్వం ఈ విషయాన్ని క్షుణ్ణంగా పరిశీలించిన మీదట ఇందుమూలముగా...’ అన్నచోట అసలు ఆజ్ఞ మొదలవుతుంది. ‘ఇందుమూలముగా’ కనపడేదాకా వేలు జార్చుకుంటూ వెళ్లండి. మీ వివరణ అక్కడి నుంచి మొదలు కావాలి. ముందున్న చరిత్ర మామూలు మనిషికి అక్కర్లేదు.

సవరణ జీవో అయితే దాన్ని ఒక్కదాన్నే చదివి లాభం లేదు. ‘5వ నియమం 2వ ఉపనియమంలో ముప్పై అను పదమునకు బదులుగా అరవై అను పదము ఉంచవలెను’ అని ఉంటుంది. పాత నియమం తీసి, మాట మార్చి, మారాక వచ్చిన పూర్తి వాక్యాన్ని మీరే రాసుకోవాలి. జనానికి ఆ పూర్తి వాక్యమే చెప్పాలి. ‘ఉన్న గడువు 30 రోజులు, ఇప్పుడు 60 రోజులు’ అని పక్కన ఒక ముక్క చేరిస్తే చాలు.

ఇంకో జాగ్రత్త. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966లోనే తెలుగుని అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. అయినా రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం చట్టాలకూ వాటి కింద చేసిన నియమాలకూ ప్రామాణిక పాఠం ఇంగ్లీషుదే. కాబట్టి తెలుగు ప్రతిలో సందేహం వస్తే ఇంగ్లీషు ప్రతి పక్కన పెట్టుకు చూడాలి. ముసాయిదా ముందు ఇంగ్లీషులో పుట్టి తర్వాత తెలుగు తొడుక్కోవడం వల్లనే నోటీసుల నిండా ‘చేయబడును’, ‘ఇవ్వబడును’ లాంటి ‘బడు’లు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారికి ఏటా ఆగస్టు 29న దండ వేసి, మర్నాడు ‘తెలియజేయడమైనది’ అని సంతకం పెట్టే అలవాటు మనది.

వాక్యాన్ని తోక పట్టుకుని చదవండి

తెలుగులో క్రియ చివరికి వస్తుంది. ఆరు లైన్ల వాక్యం ఎదురైతే ముందు తోక దగ్గరికి వెళ్లి ఏం జరుగుతుందో చూడండి: మంజూరా, రద్దా, నిషేధమా? తర్వాత ఎవరు చేస్తారు, ఎవరికి చేస్తారు అని వెతకండి. మిగిలినవన్నీ షరతులు. ఒక్కో షరతునీ విడి వాక్యం చెయ్యండి. ఇన్ని మాటల్లోపు అనే లెక్క తెలుగుకి నప్పదు, ఒక్క మాటలోనే నాలుగు ప్రత్యయాలు దూరతాయి మనకి. పైకి చదివితే ఒక్క ఊపిరిలో అయిపోవాలి, అదే కొలత.

‘అర్హుల జాబితా ప్రదర్శించబడును.’ ఎవరు ప్రదర్శిస్తారు? ఎక్కడ? ఏ రోజు? ‘బడు’ వచ్చిన చోటల్లా చేసేవాడు మాయమవుతాడు. ‘అర్హుల జాబితాను పంచాయతీ కార్యదర్శి జూన్ 10న పంచాయతీ ఆఫీసు గోడకి అంటిస్తారు’ అంటే ఆ రోజు జాబితా లేకపోతే ఎవర్ని అడగాలో జనానికి తెలుస్తుంది. అసలు కాగితంలో చేసేవాడి ప్రస్తావనే లేకపోతే మీరు ఊహించి రాయకండి, జారీ చేసిన ఆఫీసుని అడగండి. అక్కడా జవాబు లేదంటే చిల్లు ఉత్తర్వులోనే ఉంది, దాన్ని మీ తేట తెలుగు పూడ్చలేదు.

ఒకదానికొకటి ఎదురైన రెండు మాటల్ని జనం ఒకేలా చదువుతారు. ‘ఇతర నిబంధనలలో ఏమి ఉన్నప్పటికిని’ అంటే ఈ నిబంధనదే పైచేయి. ‘ఇతర నిబంధనలకు లోబడి’ అంటే అవతలి నిబంధనదే పైచేయి. రెండో రకం కనిపిస్తే ఆ అవతలి నిబంధన ఏమిటో తెరిచి చూడందే వివరణ రాయకూడదు. అలాగే ‘అయితే’ అని మొదలయ్యే పేరా మినహాయింపు. అది ఎక్కువమందికి వర్తించేదైతే అడుగున వదిలెయ్యకుండా పైకి తెచ్చి పెట్టండి.

‘ఆధార్, రేషన్ కార్డు లేదా ఓటరు కార్డు మరియు ఆదాయ ధ్రువపత్రం’ అని రాస్తే మూడు కాగితాలు తేవాలా, రెండు చాలా? దీన్ని ‘ఈ రెండూ తప్పనిసరి: ఆధార్, ఆదాయ ధ్రువపత్రం. వీటిలో ఏదో ఒకటి చాలు: రేషన్ కార్డు, ఓటరు కార్డు’ అని రెండుగా విడగొట్టాలి. కౌంటరు దగ్గర వెనక్కి తిరిగి పోయేవాళ్లలో చాలామందిని ఇలాంటి ‘మరియు’లే తిప్పి పంపుతాయి.

బరువు మారకూడదు

తేలిక చేసేటప్పుడు ఎక్కువ తప్పులు క్రియ చివరి ముక్క దగ్గర జరుగుతాయి. ‘వలెను’, ‘వచ్చును’, ‘గలరు’ ఈ మూడూ మూడు బరువులు.

‘వలెను’ అంటే తప్పనిసరి. దీన్ని ‘చెయ్యాలి’ అనండి, కింద ‘చెయ్యకపోతే ఇది జరుగుతుంది’ అని చేర్చండి.

‘వచ్చును’తో జాగ్రత్త. ‘తహసీల్దారు మినహాయింపు ఇవ్వవచ్చును’ అని ఉంటే చదివేవాడికి మినహాయింపు వస్తుందన్న ఆశ పుడుతుంది. చట్టం చెప్పేది వేరు. ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆయన నిర్ణయం. అలాగే రాయండి: ‘మినహాయింపు అడగొచ్చు. ఇవ్వాలో వద్దో తహసీల్దారు నిర్ణయిస్తారు.’ మరో చోట అదే ‘వచ్చును’ పౌరుడి హక్కు అవుతుంది: ‘అప్పీలు చేసుకొనవచ్చును.’ అక్కడ ‘మీకు అప్పీలు చేసే హక్కు ఉంది’ అనాలి.

అన్నిటికంటే మోసకారి ‘గలరు’. ‘విచారణకు హాజరు కాగలరు’ అన్నది మర్యాదకి రాసిన మాట. చదివినవాడు అదేదో పెళ్లి పిలుపు అనుకుని, వీలుంటే వెళ్దాంలే అనుకుంటాడు. వెళ్లకపోతే అతను లేకుండానే ఉత్తర్వు వచ్చేస్తుంది. ‘మీరు రావాలి. రాకపోతే మీ మాట వినకుండానే నిర్ణయం తీసుకుంటారు’ అని రాయడంలో అమర్యాద ఏమీ లేదు. మర్యాద చూపించాలంటే ‘మీకు ఆ రోజు కుదరకపోతే ఫలానా తేదీలోగా వాయిదా కోరుతూ ఉత్తరం ఇవ్వండి’ అని చేర్చండి, అలాంటి వీలు నిజంగా ఉంటే.

మార్చకూడని మాటలు

చట్టం కొన్ని మామూలు మాటలకి సొంత అర్థం ఇచ్చుకుంటుంది. వాటిని మార్చకుండా అలాగే ఉంచి, పక్కన అర్థం చెప్పాలి. 2013 భూసేకరణ చట్టంలో ‘కుటుంబం’ అలాంటిదే. ఆ చట్టం లెక్కలో వయసొచ్చిన కొడుకు లేదా కూతురు, పెళ్లి అయినా కాకపోయినా, విడి కుటుంబం. వితంతువులు, విడాకులైనవాళ్లు, కుటుంబం వదిలేసిన ఆడవాళ్లు కూడా విడి కుటుంబాలే. దీన్ని ‘ఇంటికి ఒకరు’ అని ‘సులభం’ చేశారంటే ఒక ఇంట్లో ముగ్గురు తమకి రావాల్సింది పోగొట్టుకుంటారు.

అదే చట్టంలో ‘ఆసక్తి గల వ్యక్తి’ అనే మాటని ‘భూమి యజమాని’ అని మార్చడం ఇంకో పెద్ద తప్పు. కౌలు హక్కు ఉన్నవాళ్లు, పాలుకి చేసేవాళ్లు, ఆ భూమి పోతే ప్రధాన జీవనాధారం దెబ్బతినేవాళ్లు కూడా అందులోకి వస్తారు. పాస్‌బుక్ లేనివాడు ‘ఇది నాకు కాదు’ అనుకుని పక్కకి తప్పుకోకుండా చూడాల్సింది వివరణ రాసేవాళ్లే.

నిర్వచనాలు సాధారణంగా చట్టం 2వ సెక్షన్‌లోనో 3వ సెక్షన్‌లోనో ఉంటాయి. రాయడం మొదలుపెట్టకముందే ఆ పేజీ తీసి, మీ నోటీసులో వచ్చిన నామవాచకాలన్నీ అందులో ఉన్నాయేమో వెతకండి. పావుగంట పని.

గడువు

‘15వ తేదీ లోపు’ అంటే 15 కలుస్తుందా, 14తో ఆగుతుందా? నలుగుర్ని అడగండి, రెండు జవాబులు వస్తాయి. ‘15వ తేదీ సాయంత్రం 5 గంటల దాకా’ అంటే ఒక్కటే జవాబు. వారం పేరు కూడా రాయండి. తేదీ మర్చిపోయినవాడికి బుధవారమన్నది గుర్తుంటుంది.

‘ప్రచురితమైన తేదీ నుండి 60 దినములు’ అని ఉంటే లెక్క కట్టే పని చదివేవాడి మీదికి నెట్టకండి. 1897 జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ‘నుంచి’ అన్నప్పుడు మొదటి రోజుని వదిలేసి లెక్కించాలి. ప్రకటన 2026 ఏప్రిల్ 1న వచ్చిందనుకుందాం. ఏప్రిల్ 2 ఒకటో రోజు, మే 31 అరవయ్యో రోజు. ఆ రోజు ఆదివారం. 10వ సెక్షన్ ప్రకారం ఆఫీసు మూసి ఉంటే మళ్లీ తెరిచిన రోజున ఇచ్చినా చెల్లుతుంది, అంటే జూన్ 1, సోమవారం. ఈ లెక్క మీరు తెలుసుకోండి, జనానికి మాత్రం పేచీకి తావు లేకుండా మే 29 శుక్రవారమని చెప్పండి. కేంద్ర చట్టాలకి ఈ సెక్షన్లు, రాష్ట్ర చట్టాలకి రాష్ట్ర జనరల్ క్లాజెస్ చట్టం చూడాలి. ప్రకటన గెజిట్‌లో ఒక రోజు, పత్రికలో ఒక రోజు, పంచాయతీలో ఒక రోజు వస్తే, అన్నిటికంటే ముందు తేదీ నుంచి కట్టిన గడువే చెప్పడం క్షేమం.

30 రోజులూ ఒక నెలా ఒకటి కావు. చట్టంలో నెల అంటే క్యాలెండరు నెల. 2026 ఫిబ్రవరి 10 నుంచి ఒక నెల మార్చి 10తో అయిపోతుంది, మధ్యలో ఉన్నవి 28 రోజులే. ‘నోటీసు అందిన తేదీ నుండి’ అని ఉంటే ఒక్కొక్కరి గడువు ఒక్కో రోజున ముగుస్తుంది. అలాంటప్పుడు కాగితం తలమీదే ‘ఇది మీకు అందిన తేదీ’ అని గీత గీసి ఖాళీ వదలండి. పోస్టులో వచ్చినదైతే కవరు పారెయ్యొద్దని కూడా చెప్పండి, తేదీ ముద్ర దాని మీదే ఉంటుంది.

రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం వస్తే దానికి 590 కలపండి, మొదలైన ఏడు వస్తుంది. ఫసలీ 1435 అంటే 2025 జూలై 1 నుంచి 2026 జూన్ 30 దాకా.

విస్తీర్ణంలో ఇంకో గొయ్యి ఉంది. తెలంగాణలో ‘ఎ. 1-20’ అంటే ఎకరం 20 గుంటలు, ఎకరానికి 40 గుంటలు కాబట్టి ఎకరంన్నర. ఆంధ్రలో ‘1.20’ అంటే ఎకరం 20 సెంట్లు. మధ్యలో గీతని చుక్కగా టైపు చేస్తే 30 సెంట్లు గల్లంతు. నోటీసులో హెక్టార్లు ఉంటే ఎకరాల్లోకి మార్చి పక్కన రాయండి: ఒక హెక్టారు దాదాపు 2.47 ఎకరాలు, అంటే 0.40 హెక్టార్లు సుమారు 99 సెంట్లు, గుంటల్లో 39న్నర. సర్వే నంబరు మాత్రం ఉన్నది ఉన్నట్టే దించండి. 45/1, 45/1ఎ వేర్వేరు చెక్కలు. చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా హద్దులు, కూడా తీసెయ్యకండి. నంబరు తప్పు పడినా తూర్పున ఎవరి పొలం ఉందో చూసి రైతు తన భూమిని గుర్తుపడతాడు.

ఒక నోటీసుని విప్పి చూద్దాం

భూసేకరణ ప్రాథమిక ప్రకటన నమూనా ఇది, పైన అనుకున్నట్టే 2026 ఏప్రిల్ 1న వచ్చిందనుకుందాం:

‘దిగువ షెడ్యూలులో కనబరచిన భూములు ప్రజా ప్రయోజనార్థం అవసరమగుచున్నందున, సదరు భూములయందు ఆసక్తి గల వ్యక్తులెవరైనను తమ అభ్యంతరములను ఈ ప్రకటన ప్రచురితమైన తేదీ నుండి అరువది దినములలోగా కలెక్టరు వారికి లిఖితపూర్వకముగా సమర్పించుకొనవచ్చును. ప్రకటన తేదీ మొదలు సదరు భూములపై ఎట్టి లావాదేవీలు జరుపరాదు.’

దీన్ని ఇలా చెప్పొచ్చు:

‘కింది పట్టికలో మీ సర్వే నంబరు ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ భూమిని ప్రభుత్వం తీసుకోవాలనుకుంటోంది. ఇంకా తీసుకోలేదు. భూమి మీ పేరున లేకపోయినా, మీరు అక్కడ కౌలుకి చేస్తున్నా, దాని మీదే బతుకుతున్నా ఈ నోటీసు మీకు కూడా. అభ్యంతరం చెప్పే హక్కు మీకు ఉంది. నోటి మాట చాలదు, కాగితం మీద రాసి కలెక్టరు ఆఫీసులో ఇవ్వండి. మే 29, శుక్రవారం సాయంత్రం 5 గంటల దాకా ఇస్తే ఏ పేచీ ఉండదు. ఇచ్చినట్టు ముద్ర వేసిన నకలు తీసుకోండి. మీ మాట స్వయంగా చెప్పుకునే అవకాశం కలెక్టరు ఇవ్వాలి. ఈ ప్రకటన వచ్చిన రోజు నుంచి ఆ భూమి అమ్మకూడదు, కొనకూడదు, తాకట్టు పెట్టకూడదు. తప్పనిసరి ఇబ్బంది ఉంటే మినహాయింపు కోసం కలెక్టరుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఇవ్వాలో వద్దో ఆయన నిర్ణయిస్తారు.’

పొడుగు పెరిగింది. పెరగాలి కూడా. అసలు నోటీసులో లేని రెండు సంగతులు, స్వయంగా చెప్పుకునే అవకాశం, మినహాయింపు, చట్టం 15, 11 సెక్షన్లలోంచి తెచ్చి పెట్టాం. ‘ఇంకా తీసుకోలేదు’ అన్న రెండు మాటలు లేకపోతే సగం ఊరు ఆ రాత్రి నిద్రపోదు. దీని అడుగున అసలు ప్రకటన నంబరు, తేదీ, శాఖ పేరు, ‘ఇది వివరణ మాత్రమే, చెల్లేది అసలు ప్రకటన’ అన్న వాక్యం రాయాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ కేంద్ర చట్టానికి సవరణలు చేసుకున్నాయి కాబట్టి అవి కూడా చూశాకే అచ్చుకి ఇవ్వండి.

తిరస్కరణ నోటీసుకి అచ్చు సమాచార హక్కు చట్టంలో దొరుకుతుంది. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం, ఎప్పటిలోగా అప్పీలు చెయ్యాలి, ఎవరికి చెయ్యాలి అన్న మూడూ చెప్పాలని 2005 నాటి ఆ చట్టం 7వ సెక్షన్ 8వ ఉపసెక్షన్ అంటుంది. ఏ శాఖ తిరస్కరణకైనా ఈ మూడు వాక్యాలూ పెట్టండి. ‘మీ దరఖాస్తు పరిశీలించి తిరస్కరించడమైనది’ అన్న ఒక్క లైనుతో ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

అర్థమైందా అని అడగొద్దు

అడిగితే అందరూ ‘ఆ, అర్థమైంది’ అంటారు. కాదంటే నామోషీ. నోటీసు చదివించి, కాగితం వెనక్కి తీసుకుని, ‘ఇది మీ పక్కింటావిడకి చెప్పాలంటే ఏమని చెప్తారు?’ అని అడగండి. తేదీ, చోటు, తీసుకెళ్లాల్సిన కాగితాలు, వెళ్లకపోతే జరిగేది, ఈ నాలుగూ వాళ్ల నోట రావాలి. ఏది రాకపోతే ఆ వాక్యం తప్పు, మనిషిది కాదు. ఐదుగురు చాలు, అందులో ఒకరైనా అరవై దాటినవాళ్లు, ఒకరైనా చదువు రానివాళ్లు అయి ఉండాలి. చదువు రానివాళ్లకి పైకి చదివి వినిపించండి. ఇద్దరు ఒకే చోట తడబడితే ఆ ముక్క తిరగరాసి, కొత్తవాళ్ల మీద మళ్లీ చూడండి. పాతవాళ్లకి జవాబు తెలిసిపోయి ఉంటుంది.

దండోరాకి, మైకులో చెప్పడానికి అర నిమిషం పాఠం విడిగా రాసి ఇవ్వండి. లేకపోతే ఆటోలో కూర్చున్నవాడు మొత్తం నోటీసు గుక్క తిప్పుకోకుండా చదివేస్తాడు. అందులో ఎవరికి, ఏ తేదీ, ఎక్కడికి, ఏం తేవాలి అన్నవి చాలు, తేదీ రెండుసార్లు రావాలి.

పాఠాన్ని యూనికోడ్‌లోనే టైపు చెయ్యండి. యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో కొట్టింది ఫోన్‌లోకి కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి, చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. వాట్సాప్‌లో బొమ్మగా పంపినా కింద అదే పాఠం అక్షరాల్లో కూడా పెట్టండి. బొమ్మ తలమీద తేదీని సంవత్సరంతో సహా పెద్దగా వెయ్యండి. గడువు ముగిశాక గోడ మీది కాగితాన్ని చింపెయ్యొచ్చు గానీ, ఫోన్లలో తిరిగేదాన్ని ఆపలేం. సంవత్సరం లేని ‘మే 29’ వచ్చే ఏడాది మేలో కూడా జనాన్ని కలెక్టరాఫీసు మెట్లెక్కిస్తుంది.